ముక్కు మేడం

గ్యాస్ వాసన హాల్లోకే కొట్టింది. స్నానం చేసి జుట్టు తుడుచుకుంటూ వస్తున్నదాన్ని, తువ్వాలు అక్కడే పడేసి వంటింట్లోకి పరుగెత్తాను. అక్క పొయ్యి ముందు నిలబడి ఉంది. ఎడమచేతిలో ఆ రోజు మీటింగులో చదవాల్సిన కాగితం, కుడిచేతిలో లైటరు. పొయ్యి మీట ఎప్పుడో తిప్పేసి, కాగితంలో పడి వెలిగించడం మరిచిపోయినట్టుంది. ఇప్పుడు గుర్తొచ్చి, కళ్ళు కాగితం మీద నుంచి తీయకుండానే లైటరు గిన్నె కిందికి పోనిస్తోంది.

నేను లాక్కున్న విసురుకి లైటరు వెళ్ళి సింకులో పడింది. మీట కట్టేశాను. కిటికీలు బార్లా తీశాను. ఫ్యాను వెయ్యబోతున్న అక్క చెయ్యి పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకొచ్చాను.

"ఏంటే, పిచ్చి గానీ పట్టిందా నీకు?"

"నాకా పట్టింది? ఇల్లంతా గ్యాసు. నువ్వది నొక్కి ఉంటే ఇద్దరం ఈపాటికి గోడలకి అంటుకుపోయి ఉండేవాళ్ళం."

అక్క ముఖం పాలిపోయింది. అలవాటు కొద్దీ తల ఎత్తి గట్టిగా గాలి పీల్చింది. తర్వాత నా వైపు చూసింది. ఏమీ తెలియలేదని ఆ చూపే చెప్పింది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నాకు అలాంటప్పుడు కోపమే ముందు బయటికి వస్తుంది.

"ఇంకా ఎన్నాళ్ళు దాస్తావక్కా? ఇవాళైనా చెప్పెయ్."

"ఇవాళ మాత్రం కాదు," అంది. "ఇవాళొక్కటీ గట్టెక్కించు. తర్వాత నేనే చెప్తాను."

చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గిననాటి నుంచీ ఆవిడ పాడే పాట ఇదే.

ఆవిడ ముక్కు సంగతి తెలియనివాళ్ళకి ఇదంతా చిన్న విషయంలా కనిపిస్తుంది. వాసన రాకపోతే ఏం, టీ రుచి తగ్గుతుంది, అంతేగా అనుకుంటారు. కానీ మా అక్క ఈ ఊరికి మేయరయింది ఆ ముక్కుతోనే.

ఒకప్పుడు ఆడపిల్లల హైస్కూల్లో కెమిస్ట్రీ టీచరు. స్కూలు వెనక నుంచే రంగుల ఫ్యాక్టరీ కాలువ పోయేది. క్లాసులో పిల్లలు కళ్ళు తిరిగి పడిపోతుంటే ఆఫీసర్లు మిషన్లు పట్టుకుని వచ్చేవాళ్ళు, అంతా సవ్యంగా ఉందని రాసుకుని పోయేవాళ్ళు. వాళ్ళు వస్తున్నారంటే ఫ్యాక్టరీవాళ్ళు గొట్టం కట్టేసేవాళ్ళు మరి. అక్క మాత్రం రోజూ తెల్లారేసరికి కాలువ గట్టు మీద ఉండేది. సీసా నిండా నీళ్ళు పట్టి, మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన చూసేది. ఇవాళ ఏ రంగు కలిపారో, ఏ మందు వదిలారో చెప్పేది. ఇంటికొచ్చి ఆ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టేది. మీ అక్కని చేసుకున్నాక నాకు చల్లని మంచినీళ్ళు దొరకలేదని మా బావ ఇప్పటికీ అంటుంటాడు. ఆయనది వేరే ఊళ్ళో ఉద్యోగం, సెలవులకి వస్తాడు. వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ తలుపు జాగ్రత్తగా తీస్తాడు.

చివరికి కేసు కోర్టుకెళ్ళింది. ఫ్యాక్టరీ వకీలు వెటకారంగా, ఈవిడ ముక్కు ఏమైనా మిషనా అన్నాడు. జడ్జిగారు సీసాల మీద చీటీలు పీకించి, తారుమారు చేసి ఇచ్చారు. అక్క ఒక్కొక్కటే మూత తీసి ఏది కాలువ పైనుంచి తెచ్చిందో, ఏది గొట్టం దగ్గరిదో, ఏది కోర్టు కుళాయిదో చెప్పింది. హాలంతా ముక్కున వేలేసుకుంది. ఆ రోజు నుంచి మా అక్కకి సొంత పేరు పోయి ముక్కు మేడం అనే పేరు స్థిరపడింది. ఉద్యోగం మానేసింది, ధర్నాలు చేసింది, లాకప్పులో కూర్చుంది, ఎన్నికల్లో నిలబడింది. కార్పొరేటరయింది, ఆనక మేయరయింది. కుర్చీ ఎక్కగానే ఒక పద్ధతి పెట్టింది. తప్పు చేసి మూతపడ్డ ఫ్యాక్టరీ మళ్ళీ తెరవాలంటే, జనం ముందు మేయరు నీళ్ళు వాసన చూడాలి. ల్యాబు రిపోర్టుల్ని ఈ ఊళ్ళో ఎవరూ నమ్మరు, వాటితో దెబ్బతిన్నారు. ఆవిడ బాగుందంటే బాగున్నట్టు, లేదంటే లేనట్టు. యూనియనూ ఒప్పుకుంది, కాలువ వీధీ ఒప్పుకుంది.

ఆ పద్ధతే ఇప్పుడు మా మెడకి చుట్టుకుంది. రంగుల ఫ్యాక్టరీ మూతపడి ఉంది. కొత్తగా నీళ్ళు శుద్ధిచేసే ట్యాంకులు కట్టామనీ, గేట్లు తెరవనివ్వమనీ వాళ్ళు అడుగుతున్నారు. పనివాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలగడం కష్టంగా ఉంది. మా పార్టీ ప్రెసిడెంటు, ఎప్పుడూ గొంతు పెంచడు కాబట్టి నేను మెత్తాయన అంటాను, అక్కకి అసెంబ్లీ టికెట్టు ఇస్తానన్నాడు. ఈ మీటింగు సాఫీగా జరిగితే సాయంత్రమే ప్రకటన. సాఫీగా అంటే ఏమిటో ఆయన చెప్పలేదు, అక్క అడగలేదు.

అక్కకి వాసన రాదని తెలిసింది నాకూ డాక్టరుకీ మాత్రమే. నరం దెబ్బతింది, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన. అప్పటి నుంచి ఎక్కడికెళ్ళినా నేను పక్కన ఉంటున్నాను. కాలువ గట్టు మీద ఇద్దరం ఒకే గాలి పీలుస్తాం. కంపు కొడితే నేను కళ్ళజోడు తీసి తుడుచుకుంటాను. లేకపోతే కళ్ళజోడు ముఖం మీదే ఉంటుంది. తోలు షెడ్ల దగ్గర ఇలాగే నడిపాం, చెత్త డిపో దగ్గరా నడిపాం. నాకు ఇది మొదట్నుంచీ గిట్టలేదు. అయినా తోడబుట్టింది, కాదనలేకపోయాను.

బయల్దేరేముందు వాన మొదలైంది. కారులో కూర్చున్నాక మెత్తాయన ఫోన్ చేశాడు. గట్టు మీద బురదగా ఉంది, మీటింగు మున్సిపల్ హాల్లోకి మార్చాం, నీళ్ళు సీసాల్లో తెప్పిస్తాం అన్నాడు. సరే అంది అక్క. నేనూ తడవకుండా ఉంటామని సంతోషించాను. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే. ఒక్కరి బుర్రా వెలగలేదు.

"కాలువ వీధి వాళ్ళు గొడవ చేస్తారేమో," అన్నాను. "ఆ చేతిపంపు సంగతి మళ్ళీ తీస్తారు."

"పంపు తాళం తీసేశారుగా."

"ఎవరు చూసి తీశారు?"

"ఇంజనీరు," అని అక్క కిటికీలోంచి వాన చూడటం మొదలెట్టింది.

ఆ పంపు కాలువకి దగ్గరగా ఉందని అక్కే ఒకప్పుడు తాళం వేయించింది. క్రితం నెల, నేను నడుం పట్టేసి మంచంలో ఉన్నప్పుడు, తాళం తీశారని విన్నాను. ఇంజనీరు చూసే ఉంటాడనుకున్నాను.

హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒకవైపు ఫ్యాక్టరీ పనివాళ్ళు, ఒకవైపు కాలువ వీధివాళ్ళు, మధ్యలో తడిసిన గొడుగుల గుట్ట. నేను అక్క వెంట స్టేజీ ఎక్కబోతుంటే మెత్తాయన అడ్డొచ్చాడు.

"మీరు కింద ముందు వరసలో కూర్చోండమ్మా. ఇంటివాళ్ళు స్టేజీ మీదుంటే పేపరువాళ్ళు ఏదో ఒకటి రాస్తారు."

కూర్చున్నాను. ఫ్యాక్టరీ మేనేజరు లేచి కొత్త ట్యాంకుల గురించి చెప్పాడు. మనిషి మర్యాదస్తుడే, మాటల్లో వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత ఇద్దరు గుమాస్తాలు రెండు సీసాలు తెచ్చి అక్క ముందు పెట్టారు. ఒకటి కాలువ పైభాగం నీళ్ళు, రెండోది కొత్త ట్యాంకుల్లో శుద్ధిచేసి, పరీక్షకని ఫ్యాక్టరీ గొట్టంలోంచి వదిలిన నీళ్ళు. రెండూ అద్దంలా తేటగా ఉన్నాయి. అక్క రెండో సీసా మూత తీసింది.

అప్పుడు అర్థమైంది నాకు. స్టేజీకీ నాకూ మధ్య అంత దూరం. నెత్తిన ఫ్యాన్లు. నా ముక్కుకి తగులుతున్నదల్లా తడిగొడుగుల వాసన, పక్కాయన తలనూనె వాసన. ఆ సీసాలో ఏముందో నాకెలా తెలుస్తుంది? గట్టు మీద చెల్లిన ఎత్తు ఇక్కడ ఎలా చెల్లుతుంది?

అక్క సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కోర్టులో చూసినట్టే చూసింది. కళ్ళు తెరిచి నెమ్మదిగా నా వైపు తిరిగింది.

నా చెయ్యి దానంతటదే కళ్ళజోడు దాకా వెళ్ళింది. తీసేద్దామనిపించింది. బాగాలేదంటే ఎవరికీ ప్రమాదం లేదు కదా అనుకున్నాను. అంతలో నాలుగు కుర్చీల అవతల ఒక పనివాడి భార్య చంకలో పిల్లతో అక్క నోటి వంకే చూస్తూ కనబడింది. ఆ నీళ్ళు నిజంగానే బాగుంటే? తీయకపోతే బాగుందని అర్థం. అవి బాగాలేకపోతే? చేతిని కళ్ళజోడు మీదే ఉంచి, తల అడ్డంగా ఊపాను. నాకూ తెలియదక్కా అని.

అక్కకి అర్థమైంది. గ్లాసులో నీళ్ళు తాగింది. మెత్తాయన పక్కకి వంగి ఏదో అన్నాడు. ఆ పెదవుల కదలిక చూస్తే, బాగుందనండి చాలు, అన్నట్టే ఉంది.

అక్క మైకు దగ్గరికి లాక్కుంది. "ఇన్నాళ్ళూ నా ముక్కుని నమ్మారు. కానీ ఈ నీళ్ళు తాగేది మీరు, ఆ ఫ్యాక్టరీలో పనిచేసేది మీరు. ఈసారి మీరే చూడండి. ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు రండి."

చప్పట్లు మోగిపోయాయి. మెత్తాయన ముఖం వికసించింది. నేను మాత్రం కుర్చీలో కుంచించుకుపోయాను. గండం గడిచిందన్న సంతోషం రావాల్సిన చోట భయం వచ్చింది. ఇంత తేలిగ్గా మాట మార్చడం అక్క ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియలేదు.

పనివాళ్ళ తరఫున బాయిలరు మేస్త్రీ వచ్చాడు. కాలువ వీధి తరఫున బట్టలు కుట్టే టైలరమ్మ వచ్చింది. మెడలో ఇంకా టేపు వేలాడుతోంది, పని మధ్యలో లేచొచ్చినట్టుంది. మేస్త్రీ సీసా తీసుకుని వాసన చూశాడు.

"ఏమీ లేదు మేడం. మంచినీళ్ళలాగే ఉన్నాయి."

టైలరమ్మ తీసుకుంది. ఒకసారి చూసింది, ఇంకోసారి చూసింది.

"ఏదో ఉంది. అడుగున సన్నగా ఉంది."

"ఏముందమ్మా, నీ మనసులో ఉంది," అన్నాడు మేస్త్రీ. "ఇన్నేళ్ళు ఆ బాయిలరు పక్కన పనిచేశాను, నాకు తెలీదా?"

"అన్నేళ్ళు చేశావు కాబట్టే నీకు తెలీదన్నా. నీ చొక్కాదీ అదే వాసన."

పనివాళ్ళ వైపు నుంచి కుర్చీలు జరిగాయి. కాలువ వీధి వైపు నుంచీ లేచారు. వెనక ఎవరో ఎవరినో తోశారు. పోలీసాయన స్టేజీ మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆ గోలలో ఒక గొంతు అంది, మేడమే తేల్చాలి. మరో గొంతు అందుకుంది. కాసేపటికి రెండు వైపులా అదే మాట. మేడమే తేల్చాలి, మేడమే తేల్చాలి. అక్క విసిరేసిన సీసా తిరిగి అక్క ఒళ్ళోకే వచ్చింది.

టైలరమ్మ సీసా పట్టుకెళ్ళి అక్క చేతిలో పెట్టింది. "మీరు చెప్పండి మేడం. మీరు లేదంటే నేను నోరు మూసుకుంటాను."

ఆ మాటకి అక్క ముఖంలో ఏదో కదిలింది. మెత్తాయన మళ్ళీ వంగబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. లేచి నిలబడింది.

"నాకు వాసన రావడం లేదు," అంది.

పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. వాసన లేదంటోందనుకున్నారు పాపం. అక్క చెయ్యెత్తింది.

"చప్పట్లు కొట్టొద్దు. నీళ్ళ గురించి కాదు నేను చెప్పేది, నా ముక్కు గురించి. చలికాలంలో జ్వరం వచ్చింది. అప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు. ఇవాళ పొద్దున ఇంట్లో గ్యాసు కారుతుంటే కూడా తెలియలేదు. ఈ నీళ్ళు మంచివో కాదో నేను చెప్పలేను."

చప్పట్లు ఆగిపోయాయి. అరుపులూ లేవు. మేనేజరు తన కాగితాలు సర్దుకోవడం మొదలెట్టాడు. మెత్తాయన కళ్ళు మూసుకున్నాడు. నా ఒళ్ళంతా తేలికైంది. ఇంక కళ్ళజోడు తుడుచుకునే పని లేదనుకున్నాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

టైలరమ్మ ఇంకా స్టేజీ మీదే ఉంది. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు నేల వంక చూసి, తలెత్తింది.

"చలికాలం నుంచా మేడం?"

"అవునమ్మా."

"మరి క్రితం నెల మా వీధికొచ్చి, దోసిట్లో పంపు నీళ్ళు పట్టి వాసన చూసి, బాగున్నాయి వాడుకోండి అన్నారే?"

నేను అక్క వంక చూశాను. అక్క నా వంక చూడలేదు.

"అన్నాను."

"తాళం మీరే తీయించారు. మా అత్త ఆ నీళ్ళే తాగింది. కడుపులో మంటని పక్షం రోజులుగా ఆస్పత్రిలో ఉంది. మేడం చూశారుగా, నీళ్ళు కాదులే, ముసలితనం అన్నాం. మేమే ఆవిడ నోరు మూయించాం."

"వాసన చూశాను," అంది అక్క. "ఏమీ రాలేదు. రాదని నాకు తెలుసు. చుట్టూ జనం ఉన్నారు, అందరూ నన్నే చూస్తున్నారు. బాగున్నాయనేశాను."

ఇంజనీరు చూశాడని నాకు చెప్పిన అబద్ధం అప్పుడు వచ్చి తగిలింది. నేను పక్కన ఉన్నంతవరకు ఎవరికీ హాని జరగదని నన్ను నేను నమ్మించుకున్నాను. నేను లేని పూట ఆవిడ కాలు ఆగలేదు, నోరూ ఆగలేదు. తోడబుట్టినదాని మీద అంత అసహ్యం నాకెప్పుడూ కలగలేదు. అంత జాలీ కలగలేదు.

మెత్తాయన మైకందుకుని, మేడం గారికి ఒంట్లో బాగాలేదు, మీటింగు వాయిదా అన్నాడు. అక్క మైకు తిరిగి తీసుకుంది. గేట్లు ఇప్పుడే తెరవడం లేదనీ, సీసాలు రెండూ యూనియనూ కాలువ వీధీ కలిసి ఎంచుకున్న ల్యాబుకి, వాళ్ళ మనుషుల చేతే పంపుతామనీ, ఆ ఫలితాలు వచ్చేదాకా తన మాటని ఎవరూ లెక్కలోకి తీసుకోవద్దనీ చెప్పింది. ఎవరో ఛీ అన్నారు. చంకలో పిల్ల ఉన్న ఆవిడ ఏడుస్తూ వెళ్ళిపోయింది. మెత్తాయన మా ముందు నుంచే ఫోన్లో మాట్లాడుకుంటూ కారెక్కాడు. టికెట్టు మాట ఆయనా ఎత్తలేదు, అక్కా ఎత్తలేదు.

అక్క మెట్లు దిగి నేరుగా టైలరమ్మ దగ్గరికి వెళ్ళింది. "పంపు దగ్గరికి తీసుకెళ్ళమ్మా," అంది. ఆవిడ జవాబు చెప్పకుండా గొడుగు విప్పి నడిచింది. మేం వెనకాల నడిచాం. నేను అక్కకి గొడుగు పట్టలేదు. తడవనీ అనుకున్నాను.

పంపు సందు మలుపులో ఉంది. చుట్టూ సిమెంటు గట్టు, పగిలిన చోట నాచు. అక్క చేత్తో కొట్టబోతే టైలరమ్మ పక్కకి జరగమని తనే కొట్టింది. ప్లాస్టిక్ మగ్గులో నీళ్ళు పట్టింది. అక్క మగ్గు అందుకుని, ఇన్నేళ్ళ అలవాటుగా ముక్కు దాకా ఎత్తి, ఆగిపోయింది. తలతిప్పి నా వైపు చాచింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నన్నెందుకు అడుగుతావు? తాగింది వాళ్ళు," అన్నాను.

అక్క మగ్గు టైలరమ్మకిచ్చింది. "నువ్వు చూసి చెప్పమ్మా. ఎలా ఉంది?"

"కంపు."

"ఎలాంటి కంపు? కుళ్ళినట్టా, కాలినట్టా? గొంతులో గీరుతోందా?"

"కిరసనాయిల్లాగా. పైన తియ్యగా, తర్వాత గీరుతుంది."

"ఇవాళే ఇలా ఉందా?"

"తాళం తీసిన నాటి నుంచీ ఇంతే."

అక్క కళ్ళు మూసుకుంది. వాసన ఎలా ఉందో ఎవరైనా చెప్తే చాలు, అది ఏ మందుదో ఆవిడకి తెలిసిపోతుంది. ఇంజనీరుకి ఫోన్ చేసి, పంపుకి తాళం వెయ్యమనీ, వీధికి ట్యాంకరు పంపమనీ, తను ఆస్పత్రికి వెళ్ళి అది ఏ మందో డాక్టరుకి చెప్తాననీ అంది. ఫోన్ పెట్టేసి టైలరమ్మ ఎదుట నిలబడింది.

టైలరమ్మ మగ్గులో నీళ్ళు కాలువలో పారబోసింది. ఆవిడ గొంతులో కోపం కూడా మిగల్లేదు.

"ముక్కు పోవడం మీ తప్పు కాదు మేడం. కానీ ఆ రోజు మా వీధంతా మీ చుట్టూ నిలబడి ఉంది. మాకూ ముక్కులున్నాయి. ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాళ్ళం కదా."

అక్క వానలో అలాగే నిలబడి విన్నది.